మెల్లగా చూసి రమ్మంది

వదిన గారికి,

మీ చెల్లెలు పోయిన వేళకు నేను పాత పేటలో షికారు కొడుతున్నానని మీరు నలుగురిలో అన్న మాట నిజమే. కాదనడానికి కాదు ఈ ఉత్తరం.

ఆసుపత్రి కిటికీలోంచి మీరు పుట్టి పెరిగిన ఆ పేట కనిపిస్తుంది. ఆ పొద్దున తనే, "ఎంతసేపూ నా మొహం చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది, మా వీధి చూసి రండి. మెల్లగా చూడండి. పైపైన చూసొచ్చి కోతలు కోశారంటే ఊరుకోను" అంది. డాక్టరు కూడా ఫరవాలేదు, వెళ్లమన్నాడు.

మెల్లగానే చూశాను. గడియార స్తంభం దగ్గర ఒక గైడు దాని వయసు వందేళ్లు పెంచి చెబుతుంటే సరిదిద్దాను. నా సంగతి మీకు తెలుసుగా, దానికే అరగంట పట్టింది. ఆ తర్వాత మీ వీధి. పుస్తకాలు కుట్టే షాపు ముందు మీరిద్దరూ కూర్చునే రాతి అరుగు ఇంకా ఉంది. ఎలా ఉందని అడుగుతుంది కదా అని కూర్చుని చూశాను. చల్లగా ఉంది.

తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి పరిచారు. పోయి అరగంట అయిందట. "ఎక్కడికెళ్లారండీ, ఎంత వెతికామో" అంది నర్సు. పాత పేట చూసొచ్చానన్నాను. అప్పుడు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను.

తనకు చెప్పాలని అన్నీ వరసగా గుర్తుపెట్టుకున్నాను. అవి అలాగే ఉండిపోయాయి. ఆ వీధి ఎరిగినవాళ్లు ఇక మీరొక్కరే. ఆదివారం వస్తాను. తలుపు తీస్తే మొత్తం చెబుతాను, తొందరపెట్టకండి. తిట్టడం ఆ తర్వాత.

మీ మరిది