బల్లకి ఇటువైపు

ఫిబ్రవరి 11

గొంతు డాక్టరుది మళ్లీ అదే పాట. లోపల కాయలు కాశాయట. క్లాసులో తప్ప నోరు విప్పొద్దట. టర్ముకి ఐదు కోర్సులు చెబుతూ ఉంటే కాయక ఏం చేస్తాయి?

ఇంట్లో అన్నిటికీ తల ఊపుడే. కాఫీ తాగుతావా, ఊపు. కిటికీ వేయనా, ఊపు. పెళ్లయ్యాక నేను ఇన్నిసార్లు ఔననడం ఇదే మొదలని ఆయన మా అమ్మాయితో చెప్పి తెగ మురిసిపోతున్నారు.

ఫిబ్రవరి 14

మేనేజ్‌మెంట్‌తో కొత్త ఒప్పందం మాట్లాడే టీమ్‌లో యూనియన్ నన్ను వేసింది. మాట్లాడలేని మనిషిని వేసుకుని ఏం చేస్తారని అడిగాను. మాకు కావలసింది అదేనమ్మా అన్నారు పెద్దాయన. ఫిజిక్స్ ప్రొఫెసరు, యూనియన్ అధ్యక్షుడు. చర్చల గదిలో నోరు విప్పేది ఆయనొక్కరే. మిగతావాళ్లం గోడల్లా కూర్చోవాలి. నచ్చినా, మండిపోయినా ముఖంలో కనపడకూడదు. ఏమైనా చెప్పాలంటే పెన్ను మూత పెట్టాలి. అది చూసి ఆయన బ్రేక్ అడుగుతారు, కారిడార్‌లోకి వెళ్లి కొట్టుకోవచ్చు.

చిన్న మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది. మా హిస్టరీలోనే కాంట్రాక్ట్ లెక్చరర్. ఇద్దరిదీ ఒకే గది కాబట్టి స్టూడెంట్లకి నేను పెద్ద మేడం, తను చిన్న మేడం. తనకి మాత్రం నేను అక్కని. ఏటా సెలవుల ముందు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటుంది. రెన్యువల్ వస్తే విప్పుతుంది. మూడేళ్లు పనిచేసినవాళ్లని కారణం చూపకుండా ఆపేయకూడదన్నది ఈసారి మా మొదటి డిమాండు. లోపల మీరున్నారుగా అక్కా, నాకు దిగులు లేదు అంది.

తల ఊపాను.

మార్చి 3

అటువైపు రిజిస్ట్రార్, ఒక లాయరు. లాయరుకి నవ్వుమొహం అని పేరు పెట్టుకున్నాం. పెద్దాయన మాట్లాడుతుంటే ఆయన వైపు చూడడు. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లాగా. ఇవాళ ఒక్క క్లాజూ కదల్లేదు. నడుం పట్టేసింది.

మార్చి 10, మధ్యాహ్నం



నవ్వుమొహం కొత్త ప్రతిపాదన చదివాడు. పర్మనెంట్ వాళ్లకి ఐదు కోర్సులు కాదు, నాలుగే. చదవడం ఆపి నావైపు చూశాడు. దీనికి బదులుగా రెన్యువల్ క్లాజు వదులుకోవాలి, ఎవరిని ఉంచాలో డిపార్ట్‌మెంట్ల ఇష్టం అన్నాడు.

తల ఊపాను.

చిన్నగా కూడా కాదు. కాఫీ తాగుతావా అంటే ఊపినట్టు, నిండుగా.

నవ్వుమొహం కాగితం బోర్లించాడు. మీలో కూడా ఇది సమంజసమే అనుకుంటున్నవాళ్లు ఉన్నందుకు సంతోషం అన్నాడు, ఎంతో మర్యాదగా. పెద్దాయన వెంటనే బ్రేక్ అడిగారు. కారిడార్‌లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. డాక్టరు మాట్లాడొద్దన్నారు, ఇంట్లో ఇదే అలవాటైపోయింది అని గుసగుసగా చెప్పుకున్నాను. పెద్దాయన నా భుజం తట్టి, లోపల జరిగింది లోపలే ఉంటుంది అన్నారు.

అదే రోజు, సాయంత్రం

అలవాటు కాదు.

నాలుగే అనగానే ప్రాణం లేచొచ్చింది. మిగిలిన సగం కూడా విన్నాను. విన్నాకే ఊపాను. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

మార్చి 19

వాళ్లు ఇక మెట్టు దిగడం లేదు. ఎందుకు దిగుతారు? పెద్దాయన మూడు రకాలుగా క్లాజు మార్చి ఇచ్చారు. మూడింటికీ నవ్వుమొహం నన్ను చూసి నవ్వాడు. నేను బల్లనే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 20

చిన్న మేడంకి చెప్పేద్దామని తలుపు దగ్గరగా వేశాను. నోరు తెరవబోయానో లేదో, గొంతు నొప్పెడుతుందక్కా, మాట్లాడకండి అని తనే ఆపేసింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి ఇచ్చింది. తాగాను. ఎంత సిగ్గులేనిదాన్ని.

ఏప్రిల్ 8

ఒప్పందం కుదిరింది. నాలుగు కోర్సులు. జీతం కొంచెం పెంపు. రెన్యువల్ క్లాజు లేదు.

ఏప్రిల్ 15

జనరల్ బాడీ. పెద్ద లెక్చర్ హాలు, వెనక మెట్ల మీద కూడా కూర్చున్నారు. పెద్దాయన ఒప్పందం చదివి వినిపించారు. చప్పట్లు కొట్టినవాళ్లంతా పర్మనెంట్ వాళ్లే.

చిన్న మేడం లేచింది. మైకు తీసుకోలేదు. "మా క్లాజు మొదట ఉంది కదండీ. ఎక్కడ పోయింది? టీమ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి," అంది.

టీమ్‌లో మేం ఐదుగురం. తను చూసింది నన్నే.

అది మా అందరి నిర్ణయం అన్నారు పెద్దాయన. లోపలి మాట బయటపెట్టని మనిషి. ఆయన నన్ను కాపాడుతుంటే నేనేం చేశాను? గొంతు మీద చెయ్యి వేసుకుని, మాట్లాడలేనన్నట్టు చూపించాను. హాలు మొత్తం చూసింది. ఎవరో పాపం అన్నారు కూడా.

చిన్న మేడం కూర్చుంది. ఒప్పందం భారీ మెజారిటీతో పాసైంది.

మే 2

డిపార్ట్‌మెంట్ రెన్యువల్ జాబితాలో చిన్న మేడం పేరు లేదు. మా నుంచి తగ్గించిన కోర్సులు చెప్పడానికి గంటల లెక్కన కొత్త కుర్రాళ్లని తీసుకుంటారట. చవక.

మే 3

అట్టపెట్టెలు మోయడంలో సాయం చేస్తానన్నాను. వద్దంది. బరువులెత్తితే గొంతు మీద పడుతుందట.

జూన్ 27

నాలుగు కోర్సులు. నిద్ర పడుతోంది. నిద్ర పడుతున్నందుకు పొద్దున్నే ఏడుపొస్తోంది. కాయలు కరిగిపోయాయన్నాడు డాక్టరు.

ఆగస్టు 5

చిన్న మేడం ఫోన్. వేరే కాలేజీలో ఇంటర్వ్యూ ఉందట, రిఫరెన్స్ లెటర్ కావాలట. నా గొంతు బాగైనందుకు నిజంగానే సంతోషించింది. ఇక ఆగలేక, ఆ రోజు గదిలో, అని మొదలుపెట్టాను.

"వద్దక్కా," అంది. "హాల్లో మీరు గొంతు మీద చెయ్యి వేసుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. ఇప్పుడు మీరు చెబితే నేను పర్లేదక్కా అనాలి. ఆ ఒక్క మాట నన్ను అడక్కండి."

లెటర్ శుక్రవారంలోగా పంపమంది.

రాస్తున్నాను. చాలా మంచి టీచర్ అని మొదలుపెట్టాను.