యూదా ముఖం

2012 సెప్టెంబర్ 9, ఆదివారం, సాయంత్రం

ముఖం చూసి మనిషి గోత్రం చెప్పగలవా నువ్వు? చెప్పలేవు. నేను చెప్పగలను. ఇవాళ సంఘమంతటి ముందు చెప్పాను.

ఎవరిని అడుగుతున్నానో నాకే తెలీదు. డైరీ రాసుకుందామని కూర్చున్నా ప్రసంగమే వస్తుంది. ఉప్మా తిని కూడా మూడు పాయింట్లు చెప్తావని నా భార్య ఉషా ఎగతాళి చేస్తుంది. చెప్తాను. నేను బైబిల్ కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. ఏం నేర్చుకున్నా మోకాళ్ళ మీదే నేర్చుకున్నాను.

ఇవాళ వాక్యం ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయం, యూదా గోత్రపు సింహం. స్కూల్ కెఫెటేరియాలో మా తెలుగు కూడిక. ఏసీ చల్లగా ఉంది, సగంమంది కునుకుతున్నారు. లేపాలి. రెండో వరసలో స్పందన కనపడింది. విద్య, నిశాంత్‌ల కూతురు, పదిహేనేళ్ళు. లేచి నిలబడమ్మా అన్నాను. నిలబడింది. ఆ ముక్కు చూడండి, ఎంత ఠీవిగా దిగిందో, ఆ కళ్ళు చూడండి, ఇది యూదా ముఖం అన్నాను. మైకు అదిరింది. పక్కన రెండో మైకులో మా అమ్మాయి రేణు, పిల్లల కోసం ఎప్పట్లాగే వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. ఆమెన్‌లు లేచాయి. స్పందన తల దించుకుంది. తగ్గింపు గల బిడ్డ.

మిగతా రోజులు నా పని ముక్కులతోనే. క్యారీలో హార్వీ గారి కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు సరిచేస్తాను. ఏ ముక్కు మీద ఏ ఫ్రేము జారుతుందో తలుపు తీసుకొచ్చేటప్పుడే చెప్పేస్తాను. హార్వీ యూదుడు. ఏర్పరచబడిన జనం నాకు జీతమిస్తోందని సాక్ష్యాల్లో చెప్తుంటాను. అందరూ నవ్వుతారు.

మంచి ఆదివారం.

సెప్టెంబర్ 11, మంగళవారం

కోటమ్మ గారు ఫోన్ చేశారు. నిశాంత్ వాళ్ళమ్మ. బాపట్ల నుంచి అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. వందనాలు కూడా చెప్పకుండా మొదలెట్టారు. ప్రభువుని ముద్దుపెట్టి పట్టించినవాడి ముఖం నా మనవరాలికి అంటగడతావా, అదీ నిలబెట్టి మరీ, అని.

నాకు నవ్వొచ్చింది. అమ్మా, అది ఇస్కరియోతు యూదా, నేనన్నది గోత్రం యూదా, దావీదు వంశం, ప్రభువు వంశం, పొగిడానమ్మా అన్నాను. యాకోబు కొడుకు దగ్గర మొదలుపెట్టి రాజులందర్నీ వరసగా అప్పజెప్పాను. ఆవిడ అంతా విన్నారు. చివర్న ఒక్కటే అన్నారు.

"నాయనా, నీకు నలుగురు యూదాలు తెలుసు. వినేవాళ్ళకి ఒక్కడే తెలుసు."

ఈసారి గోత్రము అనే మాట ఒత్తి పలకాలి.

సెప్టెంబర్ 19, బుధవారం

రేణు స్కూల్ నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. స్పందనా అదే స్కూల్.

మా ప్రసంగాలు సంఘంలో కెమెరా చూసే అనూప్ యూట్యూబ్‌లో పెడతాడు. అందులోంచి ఎవరో రేణు గొంతు వచ్చిన ముక్క వరకే కత్తిరించి ఫేస్‌బుక్‌లో పెట్టారు. లుక్ ఎట్ హర్ నోస్. షి లుక్స్ జ్యూయిష్. వెనక నా వేలు. వేలు చివర ఆ పిల్ల.

హాల్‌వేలో కొందరు మగపిల్లలు దాని కాళ్ళ ముందు పెన్నీలు, ఒక్క సెంటు నాణేలు, విసురుతున్నారట. ఏరుకో, ఏరుకో అంటున్నారట. పెన్నీలెందుకని అడిగాను. రేణు నన్ను చూసిన చూపు రాయలేను. యూదుల్ని ఏడిపించే పాత ఎగతాళి అది, పెద్ద ముక్కులని, డబ్బు కోసం నేలకైనా వంగుతారని. ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు, నీకే తెలీదు అంది. ఆ పిల్ల చుట్టుతిరిగి మెట్ల దారిన క్లాసుకి వెళ్తోందట.

నేను గోత్రం అంటే నువ్వు జ్యూయిష్ చేశావు కదే అన్నాను. తప్పు అనువాదానిదే అన్నట్టు మాట్లాడాను. రేణు అరవలేదు.

"ముక్కు అన్నది నువ్వే, డాడీ. నేను కాదు."

అనూప్‌కి చెప్పి వీడియో తీయించాను. తీసేశాడు. కోసిన ముక్క మాత్రం వాళ్ళ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

సెప్టెంబర్ 20

యాకోబు పత్రిక, మూడో అధ్యాయం, నాలుక గురించి. తెరవలేదు. అక్కడేముందో నాకు తెలుసు.

సెప్టెంబర్ 23, ఆదివారం

విద్య ఫోన్ ఎత్తడం లేదు. వాళ్ళింటి నుంచి ఇవాళ కూడికకి ఎవరూ రాలేదు.

కూడికయ్యాక కాఫీల దగ్గర మగవాళ్ళందరూ ఒకటే వాదన. అలా అనడం తప్పా, తప్పు కాదా? ఒకాయన అన్నాడు, మా ఊళ్ళో పంజాబీవాడిలా ఉన్నావంటే పొంగిపోతాం, ఇదీ అంతే కదా అని. ఇంకొకాయన, ఆఫీసు ట్రైనింగ్‌లో ఎవరి రూపం గురించీ నోరెత్తొద్దన్నారు, ఉద్యోగాలు పోతాయి అన్నాడు. సంఘపెద్ద సూర్యప్రకాశరావు గారు, ప్రభువే యూదుడైతే అది తిట్టు ఎలా అవుతుందయ్యా అన్నారు. నేను రోమా పత్రిక తీసి, యూదులు ఒలీవ చెట్టు, మనం దానికి అంటుగట్టిన కొమ్మలం అని వివరించాను. బాగా చెప్పాను. భేష్ అన్నారు.

ఇంటికొచ్చాక తోచింది. అంతసేపూ ఆ పిల్ల పేరు ఒక్కరమూ ఎత్తలేదు.

సెప్టెంబర్ 27, గురువారం

స్పందన ముక్కు ఎముక విరిగింది.

విద్య ఫోన్ చేసింది. నాకు కాదు, ఉషాకి. నర్సు కదా, హాస్పిటల్‌కి వెళ్ళేముందు ఒకసారి వచ్చి చూడమని. ఉషా వెళ్ళింది, వాళ్ళతోనే హాస్పిటల్‌కీ వెళ్ళింది. బాత్రూమ్‌లో జారిపడ్డానని పిల్ల చెప్పింది. డాక్టర్ రాసుకున్నాడు. ఉషా ఇంటికొచ్చి బ్యాగ్ కూడా దించకుండా కుర్చీలో కూర్చుంది. జారిపడినవాళ్ళు చేతులు ముందుకి పెడతారు అంది. దాని అరచేతుల మీద చిన్న గీత కూడా లేదు. ఆ సంగతి పక్కకి పిలిచి విద్యకీ, డాక్టర్‌కీ చెప్పిందట. రేపు కౌన్సెలర్ వస్తుందట.

ఎక్స్-రేకి తీసుకెళ్తుంటే స్పందన ఉషా చెయ్యి పట్టుకుని గుసగుసగా ఒకటి అడిగిందట. ఆ పిల్ల తెలుగు నాకు తెలుసు, విరిచి విరిచి మాట్లాడుతుంది.

"ఆంటీ, వాళ్ళు సెట్ చేసేప్పుడు చిన్నది చేస్తారా?"

దాన్ని ఎవరూ కొట్టలేదు. తనే. మోకరించాను.

సెప్టెంబర్ 28, శుక్రవారం

సూర్యప్రకాశరావు గారు విద్యనీ నిశాంత్‌నీ వెంటబెట్టుకుని వచ్చారు. నిశాంత్ నేల చూపు వదల్లేదు. విద్య కూర్చోలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే బాగుండేది. అందరి ముందు అన్నారు కాబట్టి అందరి ముందు వెనక్కి తీసుకోండి అంది. ఆదివారం, మైకులో, వీడియో ఆన్‌లో ఉండగా. స్పందన జ్యూయిష్‌లా లేదు, నేను పొరపాటుగా అన్నాను, క్షమించండి. ఇంతే. ఇంగ్లీషులో కూడా. వేరే వాక్యాలేమీ వద్దు, మీ వాక్యాలు చాలు అంది.

సరే అన్నాను. ఎవరైనా ఏమంటారు? తల్లి అడిగింది. పిల్ల ముఖానికి కట్టు ఉంది.

సెప్టెంబర్ 29, శనివారం

హార్వీకి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. జరిగిందంతా చెప్పాను. పెన్నీల దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన కాళ్ళ ముందూ విసిరారట, అరవై ఏళ్ళ కిందట, సవానా ఊళ్ళో. ఆయనా ఏరలేదట.

అయితే ఆ మాట తప్పా కాదా, మీరే చెప్పండి అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. మా అత్త నన్ను చూసి అచ్చం మనవాడి ముఖం అని బుగ్గ గిల్లేది, నాకు హాయిగా ఉండేది అన్నాడు. మొదటి షాపుకి గది అడగడానికెళ్తే ఇంటాయన కూడా నా ముఖం చూసి అదే కనిపెట్టాడు, గది లేదన్నాడు. మాట ఒకటే ప్రసాద్, అన్నాక వాళ్ళ చెయ్యి ఏం చేసిందో చూసుకో అన్నాడు. ఆ తర్వాత, రేపు ఏం చెప్పబోతున్నావని అడిగాడు. చెప్పాను. ఆ పిల్ల యూదురాలిలా లేదు, క్షమించండి అని చెప్తానని.

ఆయన కళ్ళజోడు తీశాడు. పన్నెండేళ్ళలో కళ్ళజోడు లేని ఆయన ముఖాన్ని అంత దగ్గరగా చూడలేదు.

"అంటే నాలా ఉందన్నందుకు క్షమాపణ చెప్తావు. నా షాపులో పనిచేస్తూ."

కోపంగా అనలేదు. కస్టమర్ వచ్చింది. లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రమంతా అమ్మే గుర్తొచ్చింది. మూడో తరగతిలో రాజేశ్వరమ్మ టీచరు తన గ్లాసుతో నాకు మంచినీళ్ళిచ్చింది. నిన్ను చూస్తే మాలపల్లె పిల్లాడివని ఎవరూ అనుకోరురా అంది. నేను ఎగురుకుంటూ ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గరుంది. నల్లగా ఉంటుంది అమ్మ, పని ముఖం. ఊది ఊది కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అయితే నన్ను చూస్తే అనుకుంటారన్నమాట, అంది. అంతే. అన్నం పెట్టింది.

పొగడ్త అది. నా చెవికి. మా అమ్మ చెవికి ఏమిటి?

సెప్టెంబర్ 30, ఆదివారం, మధ్యాహ్నం

విద్య అడిగింది చెప్పలేదు.

మైకు పట్టుకున్నాను. మొదటి వరసలో విద్య, నిశాంత్. అనూప్ కెమెరా ఆన్ చేశాడు. రేణు రెండో మైకు పట్టుకోనంది, ఉషా ముట్టుకోలేదు. నా ఇంగ్లీషు నేనే చెప్పుకున్నాను. పసిబిడ్డని లేపి నిలబెట్టి అందరి కళ్ళూ దాని మీదకి తిప్పాను, అది పాపం, ఆ పాపం నాది అన్నాను. దాని ముఖం దేవుడు చేశాడు, ఉదాహరణ కోసం చెయ్యలేదు అన్నాను. ఇక్కడితో ఆగితే సరిపోయేది. నేను ఆగేవాణ్ణా? ప్రభువుని ఎరగనని చలిమంట దగ్గర బొంకిన పేతురుని తీశాను. నీ యాసే నిన్ను పట్టిస్తోంది, నువ్వు వాళ్ళలో ఒకడివే అని పేతురుని అన్నప్పుడు, కాదు కాదు అని ఒట్టేశాడు. ఆ ఒట్టు నన్ను వెయ్యమంటున్నారు, ఈ బిడ్డ వాళ్ళలా లేదని. వెయ్యను. వాళ్ళలా ఉండటం మచ్చ కాదు, తుడవడానికి. మా అమ్మ ముఖం కూడా మచ్చ కాదు అన్నాను. అమ్మ ఎందుకొచ్చిందో వాళ్ళకి అర్థం కాలేదు. గొంతు పెరిగింది. బల్ల గుద్దాను.

విద్య లేచింది. నాకు వినపడేంత దగ్గరకి వచ్చి ఆగింది.

"నా కూతురు అన్నం తినట్లేదు. మీరు మళ్ళీ గెలిచారు, బ్రదర్."

వెళ్ళిపోయారు. ఆమెన్ అని ఒక్కరూ అనలేదు. ప్రతి మాటా సత్యమే చెప్పాను. సత్యమే.

అక్టోబర్ 3, బుధవారం

కొన్నాళ్ళు వాక్యం వేరేవాళ్ళు చెప్తారని సూర్యప్రకాశరావు గారు మెల్లగా చెప్పారు. మీకూ విశ్రాంతి అన్నారు. హార్వీ వీడియో చూశాడట. థాంక్యూ అన్నాడు, కానీ ఆ తల్లిని చూస్తే కడుపు తరుక్కుపోయింది అన్నాడు.

నిశాంత్ వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ప్రాజెక్ట్ ఒప్పుకున్నాడు. శనివారం సామాను ట్రక్కు వస్తుంది. ఎవరికీ తెలియని స్కూల్లో వేస్తారట పిల్లని. అడ్రస్ సంఘంలో ఎవరికీ ఇవ్వరట. కోటమ్మ గారు ఉషాకి చెప్పారు. రాత్రుళ్ళు మనవరాలి పక్కనే పడుకుంటున్నారట, లైటు వేసే ఉంచి.

ఉషా గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా అంది. హార్వీకి చెప్పావు, సంఘానికి చెప్పావు, ప్రభువుకి రోజూ చెప్తున్నావు, దానికి చెప్పావా అని.

చెప్పలేదు. నాలుగేళ్ళు నా ఎదుట రెండో వరసలో కూర్చుంది. ఒక్కసారి కూడా దానితో మాట్లాడలేదు. లేచి నిలబడమ్మా అన్నదే మొదటి మాట. దానికి ఏం ఇష్టమో, ఎలా నవ్వుతుందో తెలీదు. ముక్కు తెలుసు.

అక్టోబర్ 5

రేపు వెళ్దాం అనుకున్నాను. నిన్న కూడా అదే అనుకున్నాను.

అక్టోబర్ 6, శనివారం, ఉదయం 7

ట్రక్కు వచ్చేసిందట. కోటమ్మ గారు ఇప్పుడే ఫోన్ చేశారు. ఉషా మాట్లాడింది. విద్య గుమ్మంలోకి రానివ్వకపోవచ్చు. అయితే గుమ్మం బయటే నిలబడతాను అన్నాను. నిలబడు అంది ఉషా.

మత్తయి ఐదు. కానుక బలిపీఠం ముందే వదిలేసి, నీ వల్ల నొచ్చుకున్నవాళ్ళ దగ్గరకి మొదట వెళ్ళమన్నాడు. వెళ్ళి ఏం మాట్లాడాలో మాత్రం రాయలేదు. వెతికాను, లేదు.

లే, ప్రసాదూ. బైబిల్ బల్ల మీదే ఉంచు. చెప్పులేసుకో. పిల్ల ఇంకా ఇంట్లోనే ఉంది. సాయంత్రం కాదు, స్నానం చేశాక కాదు. పెన్ను పెట్టి లే. ఇప్పుడే.