నాన్న కారు హారన్

తమ్ముడికి,

నాన్న పోయాక కారు అమ్మేసి, దాని రబ్బరు బుడ్డి హారన్ మాత్రం ఉంచుకున్నావు. దాన్ని బాగుచేశానంటూ, చూసి మెచ్చుకోమని పంపావు. చూశాను. తుప్పు గీకకుండానే బంగారు రంగు పూశావు. అది లోపల మోగే ఇత్తడి నాలుకకీ అంటుకుని హారన్ మూగబోయింది. పైన పటారం, లోన లొటారం, అచ్చం నీలాగే. పైగా ఫోన్లో, "మోగకపోతేనేం అక్కా, మా హాల్లో మెరుస్తుందిగా!" అంటావా?

ఆ రంగంతా థిన్నరుతో కడిగి, తుప్పు వదలగొట్టి, కొత్త రబ్బరు బుడ్డి బిగించి నిన్న వరండాలో ఒక్కసారి నొక్కాను. వంటింట్లోంచి అమ్మ, "వస్తున్నానండీ, కాస్త ఆగలేరూ!" అని విసుక్కుంటూ వెళ్ళి గేటు తీసింది. తీసి, అక్కడే నిలబడిపోయింది.

హారన్ వెనక్కి పంపను. మీ హాల్లో మెరవడానికి నీ మొహం చాలు.

అక్క