కొమురెల్లి నడక

6 జూలై 2009, సోమవారం
కొత్త స్ప్రేయర్ టెస్టింగ్ మొదలైంది. పగలు దోమలు పొదల్లో దాక్కుంటాయి కాబట్టి మందు ఆకుల అడుగుదాకా చేరుతుందో లేదో తేల్చాలి. నాచారం ల్యాబ్ వెనక యాభై మీటర్ల గోరింట కంచె ఉంది. ఆకులకు పసుపు కాగితాలు క్లిప్ చేశాను. చుక్క పడితే నీలం అవుతాయి. ట్యాంకులో ప్రస్తుతానికి ఉత్త నీళ్లే. మోసేది కొమురెల్లి. చెంగిచెర్ల నుంచి సైకిల్ మీద వస్తాడు. కంచె ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఒక రౌండ్. ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. మూడుసార్లూ అరవై సెకన్లే! ఇక రోజూ చూడక్కర్లేదు, రిజిస్టర్‌లో అరవై వేసుకుంటూ పోవచ్చు.

15 జూలై
కాగితాలు ఉండాల్సినదానికన్నా నీలంగా వస్తున్నాయి. నాజిల్ అరిగిందేమో. మార్పించాను.

16 జూలై
ఇంకా నీలం. పిచ్చెక్కుతోంది.

21 జూలై, సాయంత్రం 4
పంపు కూడా మార్చాం. అదే తంతు. కొమురెల్లితో తొమ్మిది రౌండ్లు వేయించాను. వీపు మీద ఇరవై కిలోలు. మెషిన్‌ను ఏం చేశావని కసిరాను. నేనేం జెయ్యలే మేడం, మెషిన్ మంచిగనే ఉంది, జర ఊపిరి తీస్కొని మల్ల నడుస్త అన్నాడు. కంచె చివర కూలబడ్డాడు. బీడీ కోసమనుకున్నాను.

22 జూలై
కొమురెల్లి రాలేదు. ట్రయల్ ఆగింది. చిరాకు.

24 జూలై
కొమురెల్లి నిన్న పోయాడట. గుండె.

27 జూలై
అతని బదులు నరేందర్ వచ్చాడు. అదే నాజిల్, అదే పంపు. కాగితాలు మొదటి రోజులాగే వచ్చాయి.
మెషిన్‌లో ఏ లోపమూ లేదు. నడక నెమ్మదిస్తే ఆకుల మీద నీళ్లు ఎక్కువ పడతాయి. అంతే. మందు కొట్టేవాళ్ల ట్రైనింగ్‌లో ఈ పాఠం చెప్పేదే నేను. రోజురోజుకీ అతను నెమ్మదిస్తున్నాడని కాగితాలు చెబుతూనే ఉంటే, నేను నాజిళ్లు విప్పుతూ కూర్చున్నాను. రోగమొకటైతే మందొకటి వేశాను. పైగా తొమ్మిది రౌండ్లు.

5 ఆగస్టు
అతని భార్య వెంకటనర్సమ్మ గ్లవ్స్ తిరిగివ్వడానికి గేటు దగ్గరికి వచ్చింది. పోయేముందు పదిహేను దినాల సంది ఆయాసమేనట. దవాఖానకు పోదామంటే, పని అయినంక పోత, నడుమల మనిషి మారితే మేడం లెక్క ఖరాబైతది అన్నడట. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఎందుకో చెప్పే ధైర్యం లేకపోయింది.

6 ఆగస్టు
ఆ రోజు అతనికి ఒక్కో రౌండ్‌కు ఎన్ని సెకన్లు పట్టి ఉంటాయో కాగితాలను బట్టి లెక్క కట్టాను. రిజిస్టర్‌లో 21 జూలై తొమ్మిదో రౌండ్ ఎదురుగా ఉన్న అరవై కొట్టేసి తొంభై ఆరు అని రాశాను. తర్వాత ట్యాంకు నింపించి, వీపున వేసుకుని, తొంభై ఆరు సెకన్లు పట్టేలా కంచె పొడవునా నడిచాను.
యాభై మీటర్లు చాలా దూరం.