లోకల్ బండి వంతు

బావగారికి నమస్కారం.

మీ జవాబు అందింది. వంతు రాకముందే ఏ బండినీ మరమ్మతుకు షెడ్డులోకి పంపరనీ, అది మీ చేతిలో లేదనీ రాశారు. మీ ఆఫీసు వంతులు వేసేది కిలోమీటర్లను బట్టే కదా. ఎక్స్‌ప్రెస్ ఒక్క పరుగున దూరాలు దాటేస్తుంది, దాని వంతు ఇట్టే వచ్చేస్తుంది. మా లోకల్ ఆగుతూ కదులుతూ ఊళ్ళోనే తిరుగుతుంది. బ్రేకు పడ్డ ప్రతిసారీ చక్రం అరుగుతుంది, కానీ ఆ అరుగుదల కిలోమీటర్ల లెక్కలోకి రాదు. ఇప్పుడు చక్రాలు అక్కడక్కడా చదునైపోయి బండి దడదడలాడుతోంది.

నిన్న మా ఫోర్‌మన్‌తో మొరపెట్టుకున్నాను. ఆయన తల గోక్కుని, "కిలోమీటర్లే కదయ్యా తక్కువ? ఆదివారాలు కూడా తిప్పేద్దాం, వంతు తొందరగా వస్తుంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ వారం నుంచి దానికి ఆదివారం సెలవు కూడా లేదు.

అక్క రోజూ పనికి వెళ్ళేది ఆ బండిలోనే. "మీ బండికి ఏమొచ్చిందిరా, ఇంత కుదుపు?" అని మొన్న అడిగింది. పెట్టె మధ్యలో కూర్చో, చక్రాలకు కాస్త దూరంగా ఉంటావు అన్నాను.

షెడ్డులో తమ్ముడు, ఆఫీసులో మొగుడు ఉన్న మనిషికి మనం చేయగలిగింది అంతే, బావగారూ.

మీ బావమరిది