దేశంలో లేని మనిషి శవం గురించి

థా సాయ్ రేవు వలస తనిఖీ కార్యాలయపు అధికారి గారి సముఖానికి,

బాన్ నోంగ్ ఫాయ్ కాపురస్తురాలు, పులియబెట్టిన చేపల జాడీల వ్యాపారం చేసుకు బతికే మాలివాన్ ఫోన్‌సై, వయసు యాభై ఎనిమిది, దాఖలు చేసుకుంటున్న అర్జీ.

తేదీ: బుద్ధ శకం 2568వ సంవత్సరం, అక్టోబరు 20, సోమవారం.

విషయం: నా భర్త ప్రెబెన్ గారు జూన్ 14న దేశం విడిచి వెళ్ళినట్టు తమ కార్యాలయం వేసిన ముద్రను రద్దు చేసి, ఆయన అక్టోబరు 9న ఈ దేశంలోనే హత్యకు గురైనట్టు ధ్రువీకరించి, దహనానికి వీలు కల్పించుట గురించి.

అయ్యా,

1. నేను తమ కార్యాలయానికి కొత్త మనిషిని కాను. ఫరంగీ ఎవరైనా ఇంట్లో బస చేస్తే ఇరవై నాలుగు గంటల్లోగా ఇంటి యజమాని తమకు కాగితం ఇచ్చుకోవాలన్న నిబంధనను పదకొండేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నదాన్ని. ఫరంగీ పేర భూమి ఉండకూడదు కాబట్టి ఇల్లు నా పేరున ఉంది, అందువల్ల నా మొగుడికి నేనే యజమానిని. ఆయన తన దేశం వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కాగితం ఇచ్చాను. మా అమ్మ పోయిన రోజున ఆమెకు నీళ్ళు పోయడం చెల్లెలికి అప్పగించి, తడి చేతులతో వచ్చి ఇచ్చాను. ఒక్కసారి ఇరవై ఆరో గంటలో వస్తే జరిమానా అన్నారు, కట్టాను. మూడో కిటికీలో కూర్చునే కళ్ళద్దాల అమ్మాయి నన్ను 'కాగితం పెద్దమ్మ' అని పిలుస్తుంది. కనుక నన్ను నిబంధనలంటే లక్ష్యం లేని ఆడదాని కింద జమకట్టవద్దని ముందుగా మనవి.

2. ఏడాదిలో నూట ఎనభై రోజులు ఇక్కడ గడిపిన ఫరంగీ తన దేశం నుంచి తెప్పించుకునే పింఛనుకు ఇక్కడ పన్ను కాగితాలు దాఖలు చేయాలని ఈ మధ్య ఫరంగీలంతా ఒకటే చెప్పుకున్నారు. నా మొగుడు పన్నుకు భయపడలేదు. కాగితానికి భయపడ్డాడు. ఏ గడిలో ఏ తప్పు రాస్తే వీసా ఊడిపోతుందో, డెబ్బై ఒకటో ఏట నన్ను వదిలి ఎక్కడికి పోవాలో అని కూడు మానేశాడు. అప్పుడు మా ఇంటికి గారెట్ దొర వచ్చాడు. తమరు ఆయన్ని ఎరగకపోరు. తమ కార్యాలయానికి నలభై అడుగుల దూరంలో కాఫీ కొట్టు పెట్టుకుని, దాని వెనక గదిలో వీసా పనులు చేసిపెట్టే ఫరంగీ ఆయనే. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, మన మాట మనలాగే మాట్లాడతాడు.

"పెద్దాయన్ని ఎక్కడికీ కదిలించకు మాలివాన్ అక్కా. పాస్‌పోర్టు ఒక్కటే పడవెక్కుతుంది. ఏటికి అవతలి ఒడ్డున, లావో దేశంలో దిగుతుంది. జనవరిలో తిరిగొస్తుంది. ఈయన ఉయ్యాల్లో పడుకుని మామిడికాయలు కోసుకు తింటాడు. రోజుల లెక్క మాత్రం ఆగిపోద్ది" అన్నాడు.

"మనిషి లేకుండా ముద్ర ఎట్లా వేస్తారు?" అన్నాను.

"కిటికీలో వాళ్ళు చూసేది పుస్తకం అక్కా, మొహం కాదు."

ప్రెబెన్ వద్దన్నాడు. "మాలి, నేను లేనని రాయించుకోవడం నాకు నచ్చడం లేదు" అన్నాడు. నేనే గదమాయించాను. ఇది రాయకపోతే అర్జీ అబద్ధమవుతుంది. బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, జిగురన్నం బుట్టలో పెట్టి, గారెట్ దొర పడవ నడిపే నూయ్ చేతికి ఇచ్చింది నేను. దారిలో తినరా అని అన్నం మీద రెండు ఎండుచేపలు కూడా పెట్టాను.

3. జూన్ 14 నుంచి కాగితాల ప్రకారం నా మొగుడు అవతలి ఒడ్డున లావో వాళ్ళ దగ్గర ఉన్నాడు. ఒళ్ళు ప్రకారం నా ఇంట్లో ఉన్నాడు. పోలీసు వాళ్ళు రోడ్డుకు అడ్డం నిలబడితే బండి వెనక్కి తిప్పేవాడు. సంతకు రావడం మానేశాడు. సెప్టెంబరులో దవడ వాచి కన్ను మూసుకుపోయింది. ఆస్పత్రిలో పాస్‌పోర్టు అడుగుతారని పోనన్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ పదహారు రోజులు ఓర్చుకున్నాడు. అక్టోబరు తొమ్మిదో తారీఖున పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుని, "నా పుస్తకం నాకు కావాలి. నేను ఇక్కడే ఉన్నానని వాళ్ళతో చెప్పేస్తాను. ఎంత పన్నైనా వేసుకోమను" అన్నాడు. నాకూ ప్రాణం తేలికపడింది. ఇద్దరం బండి మీద వచ్చాం.

4. ఆ రోజు పదకొండు గంటలకు గారెట్ దొర కొట్లో జరిగింది నేను కళ్ళారా చూశాను, చేతులారా అడ్డుపడ్డాను.

"జనవరి దాకా ఆగాలి పెద్దాయనా" అన్నాడు గారెట్.

"ఇప్పుడు కావాలి."

"ఇప్పుడు బయట పెడితే కిటికీలో వాడి ఉద్యోగం పోద్ది, నా కొట్టు పోద్ది. ఇంటికి పోయి పడుకో."

"అయితే నేనే కిటికీ దగ్గరికి వెళ్ళి చెప్తాను" అని నా మొగుడు వీపు తిప్పాడు.

గారెట్ సీసాతో వెనకనించి నెత్తి మీద కొట్టాడు. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. నేను అరుస్తూ మీద పడబోతే నూయ్ నా జుట్టు పట్టుకుని గోడకు అదిమాడు. వాడి చెవి నా నోటికి అందింది, కొరికేశాను, సగం నా పళ్ళ మధ్యనే ఉండిపోయింది. ఈ లోగా గారెట్ షట్టరు దించే ఇనపకొక్కెం తీసుకున్నాడు. మూడు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకే పుర్రె లోపలికి పోయింది. మూడోది అక్కర్లేదు, అయినా వేశాడు. నా మొగుడి చెయ్యి తమ కార్యాలయం వైపు చాచి ఉంది. తమ కిటికీలు తెరిచే ఉన్నాయి, వరసలో పదిమంది ఉన్నారు, ఎవరూ ఇటు తిరగలేదు. నూడిల్స్ బండివాడి సాయంతో ఆయన్ని ఆటోలో వేసుకుని బయల్దేరాను, సంత మలుపు దగ్గర ప్రాణం పోయింది. నా ఒళ్ళోనే పోయింది. నా పావడా ఇంకా ఉతకలేదు, అడిగితే దాఖలు చేస్తాను.

5. పోలీసు స్టేషనులో కుర్ర లెఫ్టినెంటు కంప్యూటర్‌లో పేరు కొట్టి చూశాడు.

"పెద్దమ్మా, ఈయన జూన్ పద్నాలుగున వెళ్ళిపోయాడు."

"ఎక్కడికీ పోలేదు బాబూ. బయట ఆటోలో ఉన్నాడు, చూడు."

చూసి వచ్చాడు. తరవాత అన్నాడు, "శవం ఉంది, కాదనను. ఎవరిదని రాయను? వెళ్ళినట్టు ముద్రుంది, తిరిగొచ్చినట్టు లేదు. లేని మనిషిని ఇక్కడ చంపారని రాస్తే పైవాళ్ళు నన్ను చంపుతారు."

"నేను గుర్తుపట్టాను కదా. పదకొండేళ్ళు పక్కలో పడుకున్న మనిషిని."

"గుర్తుపట్టారు సరే. మరి మీ ఇంట్లో ఫరంగీ ఉన్నట్టు ఇరవై నాలుగు గంటల కాగితం ఏదీ? జూన్ తరవాత ఒక్కటీ లేదే?"

పోనివాడు వచ్చాడని కాగితం ఎట్లా ఇవ్వను? ఆ మాటే అడిగాను. 'గుర్తు తెలియని ఫరంగీ, మగ, సుమారు డెబ్బై' అని రాసుకుని శవాన్ని ఉంచుకోమని నాకే ఇచ్చాడు. గారెట్ దొరను ఒక్క మాట అడగలేదు. చచ్చినవాడు లేనప్పుడు చంపినవాడు ఎక్కడుంటాడన్నాడు. మర్నాటి నుంచి కొట్టు యథాప్రకారం తెరిచారు. గచ్చు కడిగి, ఐసు కాఫీలు అమ్ముతున్నారు.

6. మా గుడిలో పెద్ద భిక్షువు గారు శీతల పెట్టె ఇచ్చారు. "మరణ పత్రం లేకుండా నిప్పు పెట్టలేను తల్లీ, తెచ్చుకో" అన్నారు. పదకొండు రోజులయింది. కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పెట్టె పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాను. చచ్చిన మనిషికి విసరడం ఏమిటని తమరికి అనిపించవచ్చు. వాసన మొదలైంది అయ్యా. చేపలు పులియబెట్టుకుని బతికేదాన్ని, వాసనకు జడిసే ముక్కు కాదు నాది. ఈ వాసన మాత్రం నా వల్ల కావడం లేదు.

7. పన్నుల కార్యాలయానికి పోయి, నా మొగుణ్ణి ఈ దేశంలో నివాసి కింద రాసుకుని పన్ను వెయ్యండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఏదో ఒక కచేరీ ఆయన ఇక్కడున్నాడని ఒప్పుకుంటే పట్టుకుని లాగవచ్చని నా ఆశ. అక్కడి గుమస్తా కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూశాడు.

"ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పన్ను వెయ్యమని ఏడ్చినవాళ్ళని చూడలేదమ్మా."

"ఇప్పుడు చూశావుగా, వెయ్యి."

"జనవరి నుంచి జూన్ పద్నాలుగు దాకా నూట అరవై అయిదు రోజులు. పదిహేను తక్కువ. ఈయన మా మనిషి కాడు" అని చీటీ రాసిచ్చాడు. మొన్న అవతలి ఒడ్డు నుంచి నోటీసు కూడా వచ్చింది. గడువు దాటినా దేశం విడవలేదట, జాడ తెలిసినవారు తెలియజేయాలట. ఇవతల లేడు, అవతల కనపడడు. నా ఒక్కదానికే ఉన్నాడు.

8. పాస్‌పోర్టు ఈ అర్జీతో జతపరిచాను. పద్దెనిమిదో పేజీలో తమ ముద్ర ఉంది. మొహం చూడకుండా ఆ ముద్ర వేసిన చెయ్యి ఎవరిదో నేను అడగడం లేదు. అడిగే ఓపిక లేదు. పాస్‌పోర్టు నాకు ఎట్లా చిక్కిందో కింద రాస్తాను.

9. కావున నా కోరిక ఒక్కటే. ఆ ముద్ర కొట్టివేయండి. వీలుకాదంటే తిరిగి వచ్చినట్టు ఇంకో ముద్ర వేయండి. చచ్చిన తరవాత వచ్చాడని వేసినా ఒప్పుకుంటాను. ఒక్కసారి నా మొగుణ్ణి దేశంలోకి రానివ్వండి. ఆ తరవాత కాల్చుకుంటాను, చంపినవాడి మీద కేసు రాయించుకుంటాను, పన్ను కట్టుకుంటాను. అది చట్టానికి విరుద్ధమని తమరు సెలవిస్తే, అదే చట్టం మిగతా ఫరంగీలకు కూడా వర్తిస్తుందని తలచి నడుచుకుంటాను.

నా రాతలోని కోపాన్ని క్షమించి, రాయలేకపోయిన ఏడుపును కూడా కలుపుకుని చిత్తగించవలెనని ప్రార్థన.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
మాలివాన్ ఫోన్‌సై

జతపరచినవి: ప్రెబెన్ గారి పాస్‌పోర్టు. పన్నుల గుమస్తా చీటీ. అవతలి ఒడ్డు నోటీసు. ఇరవై నాలుగు గంటల కాగితం ఒకటి.

తా.క.: ఆ ఇరవై నాలుగు గంటల కాగితం నా మొగుడిది కాదు, గారెట్ దొరది. ఈ రోజు ఉదయం ఎనిమిది గంటలకు జాడీల తోపుడుబండి తీసుకుని ఆయన కొట్టుకు వెళ్ళాను. ఒక్కడే షట్టరు ఎత్తుతున్నాడు. నా మొగుడి పాస్‌పోర్టు ఇమ్మన్నాను.

"పెద్దాయన అవతలి ఒడ్డున ఉన్నాడుగా అక్కా, ఆయన్నే అడుగు" అని నవ్వాడు.

పచ్చడి బండ నా బుట్టలో ఉంది. మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద, రెండోది కొక్కెం పట్టిన చేతి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. సంతోషం కలిగిందని కూడా దాచకుండా మనవి చేస్తున్నాను. అవతల ఉందనుకున్న పాస్‌పోర్టు ఆయన సొరుగులోనే ఉంది. ముద్రలు పడ్డ మర్నాడే వెనక్కి వచ్చేసిందట. నా మొగుడు అడిగిన రోజున కూడా అది అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. దొరను బండి మీద వేసి, గోనెలు కప్పి, తమ కార్యాలయం ముందునించే తోసుకుపోయాను. కళ్ళద్దాల అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ప్రస్తుతం ఆయన నా జాడీల కొట్టాంలో వలతాడుతో గుంజకు కట్టి ఉన్నాడు. నీళ్ళు ఇచ్చాను. బండ నా పక్కనే ఉంది. దొర పాస్‌పోర్టు కూడా అదే సొరుగులో దొరికింది, నా దగ్గరే ఉంది. రేపు మూడు గంటల పడవకు జిగురన్నం బుట్టలో అది అవతలి ఒడ్డుకు వెళుతుంది. నూయ్ తీసుకెళతానని ఒప్పుకున్నాడు, వాడికి ఇంకో చెవి మిగిలి ఉంది. తమ కిటికీలో ముద్ర పడిన క్షణం నించి గారెట్ దొర ఈ దేశంలో ఉండడు. దేశంలో లేని మనిషిని దేశంలో ఎవరూ చంపలేరని లెఫ్టినెంటు గారు నాకు నేర్పారు.

పడవ కదిలే లోగా తమ గుమస్తా ముద్ర పట్టుకుని గుడికి వచ్చి, పెట్టె మూత తీసి, ఈసారి మొహం చూసి, నా మొగుడి పుస్తకం సరిచేస్తే దొరను తమకు అప్పగిస్తాను. నడవలేడు, మోసుకుపోవాలి.

నిబంధన ప్రకారం ఇంటి యజమానిగా అన్ని గడులూ నింపాను. పేరు, దేశం, పుట్టిన తేదీ, వచ్చిన తేదీ, వచ్చిన వేళ, అన్నీ ఉన్నాయి. వెళ్ళే తేదీ గడి ఒక్కటి ఖాళీగా వదిలాను. అది తమరు నింపాలి.