ఆయన ఆపిన చోట

పిల్ల నాన్నగారికి,

సలాములు. మీ ఉత్తరం సరుకుల లారీ డ్రైవరు తెచ్చి, మందుల షాపులో నా చేతికే ఇచ్చాడు. అల్లాహ్ దయవల్ల అత్తమ్మ మోకాళ్లు కాస్త నయం, గోడ పట్టుకోకుండా నడుస్తున్నారు. నేనూ బాగానే ఉన్నాను. అమ్మాయి సంగతి నిదానంగా రాస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబు చెప్పనివ్వండి.

వంటింటి పైపు బాగు చేయించాను. మీ చలికోటు జిప్పు పోయిందన్నారుగా, కొత్త కోటు ఈ లారీలోనే పంపుతున్నాను. మీరు పనిచేసే క్యాంపులో ఫోను అందదు కాబట్టి కోటు జేబులోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ముందు ఇది చదివి తర్వాత కోటు తొడుక్కోండి.

ఈ వయసులో అరబీ ఎందుకు, నమాజుకు వచ్చినంత చాలదా అని వేళాకోళమాడారు. చిన్నప్పుడు మా నాన్న ముందు కూర్చుని ఖురాన్ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పేదాన్ని. కానీ అందులో ఒక్క మాటకీ అర్థం తెలియదు. ఎవరో తెలుగులో చెప్పాలి, మేం తలూపాలి. చెప్పేవాడు మంచివాడైతే సరే. కాకపోతే అడ్డుకునే దారి మన దగ్గర ఏముంది? డాక్టరు చీటీ చదవడం రాకుండా, పక్కవాడు చెప్పిన మందు తీసి రోగికి ఇచ్చేస్తానా? దీన్‌కి, మన ధర్మానికి మాత్రం ఇన్నేళ్లూ అదే పని చేశాను.

మూతపడిన ఫోటో స్టూడియో మేడమీద ఒకాయన ధర్మపాఠాలు మొదలుపెట్టాడని పోయినసారి రాశానుగా. దగ్గరికొస్తే గుప్పున అత్తరు వాసన, అందుకే అత్తమ్మ ఆయనకు అత్తరాయన అని పేరు పెట్టారు. గొంతు పెంచడు. ఎవరినీ కసరడు. వీధిలోకి మైకులో వినబడేది, అంత తియ్యటి పారాయణం నేనెక్కడా వినలేదు. మొదట్లో నాకూ కళ్లు చెమర్చాయి. పోగా పోగా గమనించింది ఒకటే, ఆయన చదివేది జానెడు, చెప్పే అర్థం బారెడు.

ఆ పాఠాలకు వెళ్లడం మొదలుపెట్టాక అమ్మాయిలో మార్పు చాప కింద నీరులా వచ్చింది. ముందు నాయనమ్మతో పరాచికాలు మానేసింది. తర్వాత మాతో కలిసి అన్నం తినడం మానేసింది. కాలేజీ ల్యాబులో పనికిరాని చదువు చెబుతారని ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు ఫోనేదని అడిగితే, ఉస్తాద్ గారికి, అంటే ఆ అత్తరాయనకే, అప్పగించానంది. అక్కడి పిల్లలంతా ఇచ్చేశారట. నేను గట్టిగా మందలించాను. అది కోప్పడలేదు. నా ముఖంలోకి చూడకుండా, తల్లిదండ్రుల మాట వినొద్దని ఖురాన్ ఆయతే చెబుతోంది అంది. ఆ అనడం ఆయన గొంతులాగే మెత్తగా ఉంది.

మర్నాడే ఆ ఆయత్ పట్టుకుని, యూనివర్సిటీలో అరబీ వ్యాకరణం చెప్పి రిటైరైన టీచరమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ ఒక్కో మాట కిందా వేలు పెట్టి చదివించారు. అల్లాహ్‌కు సాటి కల్పించమని తల్లిదండ్రులు బలవంతపెడితే, ఆ ఒక్క విషయంలో వాళ్ల మాట వినొద్దని ఉంది. అప్పుడు కూడా వాళ్లతో మంచిగా మెలగమని ఉంది. అత్తరాయన ముందుదీ వెనకదీ కోసేసి నడిమి ముక్క పిల్లల చేతిలో పెట్టాడు. "ఇందులో గురువు మాట వినమని ఎక్కడుందో నువ్వే వెతుకు" అన్నారు టీచరమ్మ. వెతికాను. లేదు. ఆ రోజు నుంచి షాపు కాగానే ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను. ఇదండీ నా అరబీ చదువు.

ఇప్పుడు చెప్పక తప్పనిది చెబుతాను. పోయిన శుక్రవారం నేనూ ఆ మేడ ఎక్కాను. తెర వెనక ఆడపిల్లల మధ్య, అమ్మాయి పక్కనే కూర్చున్నాను. ఆయన అదే ముక్క ఎత్తుకుని, ఎప్పటిలాగే నడిమిలో ఆపాడు. ఆ ఆపిన చోటు నుంచి నేను అందుకుని చివరిదాకా చదివాను. మొత్తం ఆయత్‌కి తెలుగులో అర్థమూ చెప్పాను.

"అమ్మా, అరబీ వచ్చినంత మాత్రాన దీన్ అర్థమైపోదు" అన్నాడాయన, నవ్వు చెరగకుండా.

"నిజమేనండీ. కానీ రాకపోతే మీరెక్కడ ఆపారో తెలియదు" అన్నాను.

తెర వైపు తిరిగి, "ఈ తల్లి బిడ్డ ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్న మన పిల్ల తల వంచుకుని ఉండిపోయింది. మెల్లగా తన మోకాలు పక్కకు జరుపుకుంది.

ఆ సాయంత్రం అది ఇంటికి రాలేదు. వెళ్లి చూస్తే మేడకు తాళం. పిల్లలందర్నీ వ్యాన్లలో ఊరి బయటికి తీసుకెళ్లారని కింది దుకాణంవాళ్లు చెప్పారు. మేజరైన పిల్ల, ఇష్టపడే వెళ్లిందంటున్నారు పోలీసులు. నేను నోరు విప్పకపోతే ఇంకొన్నాళ్లు నా కళ్ల ముందుండేదేమో.

ఇవాళ పొద్దున ఏదో తెలియని నంబరు నుంచి షాపు ఫోను మోగింది. అమ్మాయే. ఎక్కడున్నావంటే చెప్పలేదు. గుసగుసగా, "అమ్మా, ఆయన ఆపిన తర్వాత నువ్వు చదివావే, అది మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు" అంది. కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే చెప్పాను. ఒక్కో మాటా పట్టుకుని అది వెనకే పలికింది. చివరి మాట సగంలో ఉండగా అవతల తలుపు చప్పుడైంది. అమ్మాయి గొంతు ఆగిపోయింది. ఎవరో ఫోను అందుకున్నారు. మాట్లాడలేదు, ఊపిరి వినిపించింది. అంతే, పెట్టేశారు.

ఆ నంబరు పోలీసులకిచ్చాను. వాళ్లు కదిలినా కదలకపోయినా, టీచరమ్మా నేనూ ఇప్పుడే ఊరి బయటి ఇళ్లు ఒక్కొక్కటీ వెతకడానికి బయల్దేరుతున్నాం. ఈ లారీ తిరిగొచ్చేటప్పుడు అందులో మీరుండాలి. పిల్ల ఇంకా ఒక మాట వినాల్సి ఉంది.

ఇట్లు,
తెర వెనక పలకని ఆ పిల్లకు
అమ్మ